రోజూ మూడున్నర లీటర్లు

ఉదయం 5:40కి విశాఖపట్నం స్టేషన్‌లో దిగాం. మొత్తం పదకొండు మందిమి. 6:15కి రెండు లారీల్లో పోర్టు లోపలికి వెళ్లాం. 7:05కి మాకిచ్చిన గోడౌను తాళం తీశాం. రేకుల కప్పు, సిమెంటు నేల, మూడు ఫ్యాన్లు. వాటిలో తిరిగేది ఒకటి. ఒక పక్క బొగ్గు గుట్టలు, ఇంకో పక్క ఇనుప ఖనిజం గుట్టలు. గాలి ఎటు నుంచి వీస్తే ఆ రంగు దుమ్ము మా మంచాల మీద పడేది. మే నెల మొదటి వారం. 7:30కే గోడౌను లోపల ముప్పై నాలుగు డిగ్రీలు. ఇవన్నీ ఆ రోజు డైరీలో ఉన్నాయి.

మా వీధిలోవాళ్లు అప్పుడప్పుడు సరిహద్దు సంగతులు చెప్పమంటారు. సరిహద్దులో ఎనిమిదేళ్లు ఉన్నాను. నేను మెకానిక్ హవల్దారును. అక్కడా చేసింది బళ్లు బాగుచేయడమే. నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో నన్ను నిజంగా అలసిపోయేలా చేసింది ఈ నలభై అయిదు రోజుల డ్యూటీ. అది ఇప్పుడు నేనుంటున్న ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో జరిగింది. పుష్కరం దాటింది. అందుకే ఇది చెబుతున్నాను.

పని ఇది. దీవుల్లో చెడిపోయిన సైన్యం లారీలు ఓడలో వస్తాయి. వాటికి ఇంజన్లు పనిచేయవు, కొన్నిటికి చక్రాలు కూడా తిరగవు. వాటిని ఓడలోంచి లాగి, జెట్టీ నుంచి ఏటవాలు రాంపు ఎక్కించి, వ్యాగన్లు ఆగే రైల్వే సైడింగ్ దాకా చేర్చాలి. దూరం ఒక కిలోమీటరు ఎనిమిది వందల మీటర్లు. రాంపు నూట పది మీటర్లు. దానికి ఎడమ వైపు నిలువెత్తు సిమెంటు గోడ. లాగడానికి మా దగ్గర ఒకే ఒక రికవరీ బండి ఉంది. ఎనిమిది చక్రాలది. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. క్లచ్ ఉండదు. ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది గేర్‌బాక్సులోని ఆయిలే. బరువు లాగుతూ నెమ్మదిగా నడిస్తే ఆ ఆయిల్ కాగుతుంది. మా పనంతా బరువు లాగుతూ నెమ్మదిగా నడవడమే.

బండి డ్రైవర్ నాయక్ ర్యాంకు మనిషి, హవల్దారుకు ఒక మెట్టు కింద. భీమిలి దాటాక సముద్రం ఒడ్డున అతని ఊరు. ఇంట్లో అందరూ వేటకు వెళ్లేవాళ్లే. స్టీరింగు పట్టింది ఇతనొక్కడే. జూన్ రెండో వారంలో అతనికి హవల్దారు ప్రమోషన్ బోర్డు ఉంది. అందులో పాసైతే ఇంకొన్నేళ్ల సర్వీసు. లేకపోతే ఆ ఏడాదే ఇంటికి. కాగితాల్లో ఎర్ర సిరాతో శిక్ష ఒక్కటి పడినా బోర్డు దాకా రానివ్వరు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, స్కూల్లో చదువుతున్నారు. ఈ సంగతి మొదటి రోజే చెప్పాడు.

మొదటి రోజు నేను ఎప్పుడూ చేసే పని చేశాను. ఫస్ట్ పరేడ్ కాగితం రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బండి తలుపు లోపల అంటించాను. ఫస్ట్ పరేడ్ అంటే రోజూ పొద్దున్న బండి తీసే ముందు డ్రైవరు చేయాల్సిన తనిఖీ. పన్నెండు పంక్తులు. ఏ పోస్టింగుకు వెళ్లినా పాత కాగితం చూసి కొత్త కాగితం రాసేవాణ్ణి. మూడో పంక్తి: అన్ని ఆయిళ్లూ ఇంజను ఆపి, చల్లగా ఉన్నప్పుడు చూడాలి, గుర్తు దాటి ఉంటే గుర్తుకు తేవాలి. పన్నెండో పంక్తి: నోటిమాట వద్దు, రిజిస్టరులో రాయాలి. రిజిస్టరు రోజూ 6:30కి నా దగ్గరకు వచ్చేది. అడుగున సంతకం పెట్టేవాణ్ణి.

ఆరో రోజు ఉదయం 10:20కి రేడియో ఆపరేటర్ పిలిచాడు. మధురై వైపు కుర్రాడు. బండి ముందో వెనకో నడుస్తూ దారి చూపడం కూడా అతని పనే. రేడియోలో హిందీ మాట్లాడేవాళ్లం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"సైడింగ్, సైడింగ్. రాంపు నుంచి. బండి ఆగింది. ఎర్ర దీపం వెలిగింది. ఓవర్."

"మీటరు ఎంత చూపిస్తోంది?"

"నూట ముప్పై."

"ఇంజను ఆపొద్దు. న్యూట్రల్‌లో ఉంచమను. బానెట్ ఎత్తమను."

"దీని మీద టీ పెట్టుకోవచ్చంటున్నాడు డ్రైవర్. ఓవర్."

"టీ తర్వాత. అవుట్."

గేర్‌బాక్సు ఆయిల్ తొంభై, తొంభై అయిదు డిగ్రీల్లో ఉండాలి. నూట ఇరవై దాటితే మాడడం మొదలవుతుంది. కారణం వెతకడం కష్టం కాలేదు. ఆయిల్ కూలరు రేడియేటర్ ముందు, నేలకు దగ్గరగా ఉంది. దాని సందుల్లో బొగ్గు, ఖనిజం, ఉప్పుగాలి కలిసి గట్టిపడి కూర్చున్నాయి. నీళ్లు కొట్టి కడిగాం. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ పూడిపోయింది. ఆరు రోజులు కడుగుతూనే ఉన్నాం. మీటరు నూట ఇరవై అయిదుకు తగ్గలేదు. ప్రతి లాగుడు తర్వాత నలభై నిమిషాలు బండిని ఆపి ఉంచాలి. రోజుకు అయిదు లారీలు చేర్చాల్సింది రెండే చేరుతున్నాయి. ఓడ వెళ్లిపోయే తేదీ మారదు.

మా డిటాచ్‌మెంట్ కమాండరు సుబేదార్ సాబ్ పంజాబ్ మనిషి. తక్కువ మాట్లాడతారు. పదమూడో రోజు నన్ను పిలిచారు.

"ఉపాయం?"

"అడుగు చాంబరు లోతుది చేయించాలి సాబ్. అయిదు లీటర్ల ఆయిల్ ఎక్కువ పట్టాలి. కూలరును దుమ్ముకు అందకుండా క్యాబిన్ వెనక, పైన పెట్టాలి. విడిగా ఫ్యాన్లు ఉండాలి."

"సైన్యం బండి. నీ ఇష్టం కాదు."

"రాతపూర్వకంగా అడుగుతాను."

అడిగాను. పదిహేనో రోజు వర్క్‌షాపు నుంచి మేజర్ గారి అనుమతి వచ్చింది. కొత్త కూలరు, రెండు ఫ్యాన్లు రైల్లో పంపుతారు. చాంబరు మాత్రం ఇక్కడే చేయించుకోవాలి.

చాంబరంటే గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి. పాతది విప్పిన రోజు కొలతలు తీసుకుని, దాన్ని పట్టుకుని మల్కాపురం వెళ్లాను. అక్కడ ఒక లేతు మేస్త్రి ఉన్నాడు. రిఫైనరీ లారీల పని చేసి చేసి చెయ్యి తిరిగినవాడు. చాంబరును తిరగేసి చూశాడు.

"ఏటి బావా, ఇంత పెద్ద బండికి ఇదా సాంబరు? మాయింట్లో పులుసు గిన్నె ఇంతకన్నా లోతుంటాది."

"ఎంత లోతు చేయగలవు?"

"రెండున్నర అంగుళాలు దింపుతాను. అంతకన్నా దింపితే రాయి తగిలి పగులుద్ది. కింద ఉత్తి సాంబరు దింపితే సాలదు బావా. ఆయిల్ పీల్చే గొట్టం కూడా అంతే దింపాలి. లేకపోతే కుండలో నీళ్లున్నా గళాసు అందదు."

అది నేను చెప్పాల్సిన మాట. అతనే చెప్పాడు. మనసులో మెచ్చుకున్నాను. ఊరు అడిగాడు. విజయనగరం వైపు మా ఊరు చెప్పాను. ఆ తర్వాత టీ ఇచ్చాడు.

"అడుగున నట్టు ఎట్టమంటారా? పాతదానికి లేదు."

"పెట్టు. ఇకపై ఆయిల్ మార్చాలంటే చాంబరంతా విప్పనక్కర్లేదు."

"మిలట్రీవోలకి నట్టు ఇప్పడం కూడా పరేడేనేటి బావా?" అని నవ్వాడు.

ఇరవై నాలుగో రోజు చాంబరు, రైల్లో వచ్చిన కూలరు, ఫ్యాన్లు బిగించాం. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా పట్టింది. కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు ఎదురెదురుగా మూడు దఫాల్లో బిగించాను. గొట్టాలు ఎక్కడా ఇనుముకు రాసుకోకుండా రబ్బరు తొడిగాను. ఆయిల్ పోశాను. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్ మట్టం చూడాల్సిన పద్ధతి వేరు. ఇంజను నడుస్తూ ఉండాలి. ఆయిల్ వేడిగా ఉండాలి. ఇంజను ఆపితే పైన తిరిగే ఆయిలంతా చాంబరులోకి దిగి, గేజి కడ్డీ మీద మట్టం గుర్తు దాటి కనిపిస్తుంది. ఈ సంగతి బండి మీద రేకు పలకలో కూడా రాసి ఉంది. నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. ఆ ప్రకారమే ఇంజను నడిపి, వేడెక్కాక, సరిగ్గా గుర్తుకు పోశాను.

సాయంత్రం ఒక లారీని లాగి చూశాం. తొంభై రెండు. సుబేదార్ సాబ్ మీటరు చూసి తల ఊపారు. డ్రైవర్ క్యాబిన్ లోంచి అరిచాడు.

"ఉస్తాద్, సల్లగుంది. ఏసీ పెట్టినట్టుంది."

మర్నాడు నూట ఎనిమిది చూపింది. సాయంత్రం 6:40కి ఇంజను నడిపి మట్టం చూశాను. తక్కువుంది. మూడున్నర లీటర్లు పట్టింది. కొత్త గొట్టాల్లో గాలి పోయి ఆయిల్ నిండి ఉంటుందని డైరీలో రాశాను. ఇరవై ఆరో రోజు సాయంత్రం మళ్లీ మూడున్నర లీటర్లు. బండి కింద అట్టలు పరిచి చూశాను. అట్టలు పొడిగా ఉన్నాయి. ప్రతి జాయింటూ వేలితో తడిమాను. ఇరవై ఏడో రోజు మళ్లీ మూడున్నర. ఆదివారం పని ఉండదు కాబట్టి ఆ రోజు మొత్తం విప్పుదామని నిర్ణయించాను. డ్రైవర్‌ను ఏమీ అడగలేదు. అతనూ ఏమీ అనలేదు. నా దగ్గర నోటిమాట చెల్లదు కదా.

ఇరవై ఎనిమిదో రోజు శనివారం. ఉదయం 9:12. ఆ రోజు లాగుతున్నది అన్నిటికన్నా బరువైన లారీ. బండి రాంపు మీద డెబ్భై మీటర్లు ఎక్కింది. నేను పైన నిలబడి ఉన్నాను. రేడియో ఆపరేటర్ వెనక, గోడ వైపు నుంచి లారీ చక్రాలు చూస్తూ నడుస్తున్నాడు.

ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది. చక్రాలకు బలం ఆగిపోయింది. ఏటవాలులో ఆయిలంతా వెనక్కి జారి, పీల్చే గొట్టం నోరు గాలికి తెరుచుకుంది. బండీ లారీ కలిసి వెనక్కి జారాయి. డ్రైవర్ బ్రేకు తొక్కి, స్టీరింగు రాంపు మధ్యకు తిప్పాడు. లారీ మాత్రం అడ్డం తిరిగి గోడ వైపు వచ్చింది. నాలుగు మీటర్లు జారాక ఆగింది అంతా. ఆపరేటర్ గోడకు అతుక్కుని నిలబడ్డాడు. లారీ బంపరుకూ అతని ఛాతీకీ మధ్య నా చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. తర్వాత చెయ్యి పెట్టి చూశాను.

చేతిలోంచి జారి పడిన రేడియో లోంచి సైడింగ్ వాళ్ల గొంతు వస్తూనే ఉంది. "రాంపు, ఏమైంది? రాంపు, మాట్లాడు."

సుబేదార్ సాబ్ విచారణకు రాశారు. మేజర్ గారు ముప్పై మూడో రోజు వస్తారు. సాబ్ నన్ను పిలిచి అడిగారు.

"డ్రైవర్ నిర్లక్ష్యమా, కాదా? నీ రిపోర్టులో ఒక్క మాట రాయి. ఫస్ట్ పరేడ్ రిజిస్టరు నకలు జత చెయ్యి."

ఆదివారం ఉదయం పది గంటలకు రిజిస్టరు నకలు తీయడానికి కూర్చున్నాను. రాస్తే చదవక తప్పదు.

మొదటి పేజీల్లో డ్రైవర్ గుండ్రటి చేతిరాత. "గేరు ఆయిలు గుర్తు దాటి ఉంది. సాంబరుకి నట్టు లేదు. తీయడానికి వీలు లేదు." కింద నా సంతకం. మర్నాడు అదే మాట. నా సంతకం. అలా పద్దెనిమిది ఉదయాలు. ఇరవై అయిదో రోజు నుంచి మాట మారింది. "గేరు ఆయిలు గుర్తు దాటి ఉంది. నట్టు విప్పి మూడున్నర లీటర్లు తీశాను. డబ్బాలో పెట్టాను." నా సంతకం. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. నాలుగు ఉదయాలు. నాలుగు సంతకాలు.

డైరీ తెచ్చి పక్కన పెట్టాను. సాయంత్రాలు నేను పోసింది నా పుస్తకంలో ఉంది. ఉదయాలు అతను తీసింది అతని పుస్తకంలో ఉంది. నేను వేడి మీద, ఇంజను నడిపి చూసి పోశాను. అతను నా మూడో పంక్తి ప్రకారం, ఇంజను ఆపి, చల్లగా ఉన్నప్పుడు చూసి తీశాడు. రోజంతా బండి మూడున్నర లీటర్ల తక్కువతో బరువులు లాగింది.

మూడో పంక్తి గేర్లు చేత్తో మార్చే పాత లారీల కోసం రాసింది. అన్ని పోస్టింగుల్లోనూ అదే ఎక్కించాను. నాకు తెలియక కాదు.

గోడౌను మూలకు వెళ్లాను. నాలుగు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద తేదీ రాసిన కాగితం అంటించి ఉంది. మూతలు గట్టిగా బిగించి ఉన్నాయి.

డ్రైవర్ బయట బూట్లు తోముకుంటున్నాడు. లేచి నిలబడ్డాడు.

"కూర్చో," అన్నాను. "ఆయిల్ ఎందుకు తీశావు?"

"ఎక్కువుందని తీసినాను ఉస్తాద్. మీరు భయపడి రోజూ ఎక్కువ పోత్తన్నారనుకున్నాను. మీతో ఎలా అంటాను? మీ కాగితంలో ఉన్నట్టు సేసినాను. రాసినాను."

"మేజర్ గారు అడిగితే ఏం చెబుతావు?"

"తీసిన సెయ్యి నాది. అదే సెప్తాను. మీ కాగితం పేరు ఎత్తను." బ్రష్ కింద పెట్టాడు. "మీరు పింఛనుకి వెళ్లిపోతన్నారు. ఇరవై ఆరేళ్లు మచ్చ లేదంటారు. నాకు రాసిపెట్టి లేదనుకుంటాను. మా అయ్యకి పడవుంది."

డైరీ తెరిచి అతని చేతికిచ్చాను. ఇరవై అయిదో రోజు పేజీ. ఆ తర్వాత రిజిస్టరు ఇచ్చాను. రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు చదివాడు. వేలు పెట్టి ఒక పంక్తి నుంచి ఇంకో పుస్తకంలోకి వెళ్లాడు. మొహం ఎర్రబడింది.

"నాను రాసింది సూసే సంతకం పెట్టినారనుకున్నాను ఉస్తాద్. సూసినారు, ఏమీ అనలేదు, అయితే రైటే అనుకున్నాను. పద్దెనిమిది పొద్దులు రాసినాను. ఒక్క పొద్దు సదివుంటే ఏటైపోను? సదవకుండా సంతకం ఎలా పెడతారండి?"

పుస్తకాల కోసం చెయ్యి చాపాను.

"ఆడు సచ్చిపోయీవోడు," అన్నాడు. పుస్తకాలు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఒక్కమాట దాచకుండా చెబుతాను. డైరీ నా సొంతం. ఎవరూ అడగరు. రిజిస్టరు ఒక్కటే చూస్తే నట్టు విప్పింది డ్రైవరే. నేను పెట్టిన సంతకాన్ని మామూలు సంతకం అంటారు, అందరూ అలాగే పెడతారు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేయలేదు. సాయంత్రం నాలుగు దాకా బెంచీ మీద కూర్చున్నాను. తర్వాత రిపోర్టు రాశాను. ఒకటిన్నర పేజీ. డ్రైవర్ నిర్లక్ష్యం లేదు. తనిఖీ కాగితం తప్పు. రాసింది నేను. హెచ్చరిక రిజిస్టరులో ఉంది. చదవనిది నేను.

ముప్పై మూడో రోజు ఉదయం 11:00. గోడౌనులో బల్ల వేశారు. మేజర్ గారు డైరీ, రిజిస్టరు, తలుపుకు అంటించిన కాగితం మూడూ ముందు పెట్టుకున్నారు. ఇరవై నిమిషాలు చూశారు. డ్రైవర్ అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు.

"కూలరు, చాంబరు పని బాగుంది," అన్నారు మేజర్ గారు. "మిగతా బళ్లకూ పెట్టిస్తాం. కానీ హవల్దార్, మీరు రాస్తారు. చదవరు."

"యెస్ సర్."

ఎర్ర సిరా నా కాగితాల్లో పడింది. పింఛను వేళ రావాల్సిన గౌరవ ర్యాంకు ఇక రాదు. డ్రైవర్ కాగితాలు ఆ మధ్యాహ్నమే ఫ్యాక్సులో బోర్డుకు వెళ్లాయి. వారం తర్వాత రెండు రోజులు సెలవు మీద వెళ్లి బోర్డు ముందు నిలబడి వచ్చాడు. పాసయ్యాడని సుబేదార్ సాబ్‌కు ఫోన్ వచ్చింది. మూడో పంక్తి కొట్టేసి రెండు పంక్తులుగా రాశాను. ఆ రోజు నుంచి రిజిస్టరు అతని ముందే పైకి చదివి సంతకం పెట్టేవాణ్ణి. అతను వినేవాడు. వెళ్లిపోయేవాడు. పని మాటలు తప్ప నాతో ఏమీ మాట్లాడలేదు. బండి ఆ తర్వాత ఎప్పుడూ తొంభై ఆరు దాటలేదు. రోజుకు ఆరు లారీలు కూడా లాగాం.

నలభై అయిదో రోజు తిరుగు ప్రయాణం. ఉదయం 8:00కి రికవరీ బండిని రైలు వ్యాగన్ మీదికి ఎక్కించి గొలుసులు వేశాం. రాంపు మీద వదిలేసిన, చక్రాలకు పెట్టే అడ్డుకట్టెలు తేవడానికి డ్రైవర్, రేడియో ఆపరేటర్, నేను నడిచి వెళ్లాం. ఆ ఏడు తొలకరి ఆలస్యమైంది. ఒక్క చినుకు పడలేదు.

గోడంతా కింద నుంచి పై దాకా ఖనిజం దుమ్ము మందంగా పట్టి ఎర్రగా ఉంది. డెబ్భై మీటర్ల దగ్గర ఆ ఎరుపు మధ్య ఒక మనిషి ఆకారం తెల్లగా ఉంది. ఆ శనివారం ఆపరేటర్ అతుక్కున్నప్పుడు దుమ్ము తుడుచుకుపోయిన చోటు. తల, భుజాలు, నడుము. పదిహేడు రోజుల కొత్త దుమ్ము పలచగా పడింది గానీ ఆకారం చెరగలేదు.

ఆపరేటర్ నవ్వాడు. వెళ్లి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. డ్రైవర్ దగ్గర నేర్చుకున్న తెలుగులో అడిగాడు. "ఏటి ఉస్తాద్, సరిపోయానా? కొంచెం లావయ్యాను కదా?"

"ఇటు రారా," అన్నాడు డ్రైవర్. గొంతు గట్టిగా ఉంది. చెయ్యి పట్టుకుని లాగాడు. అడ్డుకట్టెలు భుజాన వేసుకుని ఇద్దరూ ముందు నడిచారు. నాలుగు అడుగులు వేశాక డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"రండి ఉస్తాద్. రైలు 9:30కి."

పనికి సంబంధం లేకుండా అతను నన్ను పిలవడం పదహారు రోజుల్లో అదే మొదటిసారి. రైలు 9:50కి కదిలింది. మర్నాడు యూనిట్‌లో సామాను అప్పగించాను. అయిదు నెలలకు పింఛను మీద వచ్చేశాను.

ఆ గోడకు ఎప్పుడో రంగు వేసి ఉంటారు. నాకు మాత్రం అది అలాగే కనబడుతుంది, ముఖ్యంగా ఏదైనా కాగితం మీద సంతకం పెట్టబోయే ముందు. ఎర్రటి గోడ, తెల్లటి మనిషి, రెండు పక్కలా గోడకు అదిమిన రెండు అరచేతులు. వేళ్లు పదీ విడివిడిగా, లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా.